కిటికీ వైపు తిరిగిన మనిషి

తలకు రంగు వేసుకున్నాక గంటసేపు కదలకుండా కూర్చోవాలని పార్లరు అమ్మాయి ఎప్పుడో చెప్పింది, మామూలువాళ్ళకైతే అరగంట చాలు మేడమ్, మీ కణతల దగ్గర తెల్లవెంట్రుకలు మహా మొండివి అని. ఆ మాటలో ఏదో మెచ్చుకోలు వినిపించి ఆమె అప్పట్నుంచీ ఆ గంటను నిష్ఠగా పాటిస్తోంది. ఈ ఆదివారం మధ్యాహ్నం కూడా భోజనాలయ్యాక, రెండు ట్యూబుల్లోని ముద్దను పాత గాజుగిన్నెలో కలిపి, నుదుటి అంచున వాజలైను రాసుకుని, పాయపాయా విడదీసి బ్రష్షుతో పట్టించి, పైన ప్లాస్టిక్ టోపీ తగిలించి, ఇక దేనికీ పనికిరాని తువ్వాలొకటి భుజాల మీద కప్పుకుని బాల్కనీలో స్టూలు మీదికి వచ్చి కూర్చుంది. సోఫాలో కూర్చోవడానికి లేదు, మరక పడుతుంది. గోడకు ఆనుకోవడానికి లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకోవడానికి అసలే లేదు, కిందటిసారి అక్కతో మాట్లాడితే ఫోను మీద నల్లటి చెవి అచ్చు పడింది. మామూలుగా ఈ గంటంటే ఆమెకు ప్రాణం. స్కూల్లో లెక్కల టీచరుగా, ఇంట్లో అందరి ప్రశ్నలకూ జవాబుగా ఉండే మనిషి ఎందుకూ పనికిరాకుండా కూర్చోవడానికి లోకం ఒప్పుకునే సమయం ఇదొక్కటే. ఆమె నవలల్లోని మనుషులు సగంమంది ఈ స్టూలు మీద కూర్చున్నప్పుడే ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. కానీ ఇవాళ ఎవరూ రావడం లేదు. ఇవాళ లోపల హాల్లో ఆమె భర్త ఆమె నవల చదువుతున్నాడు.

బాల్కనీ తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి ఆమెకు కనిపించేవి ఆయన పాదాలు మాత్రమే, ఎదుటి పీట మీద బారజాపినవి, మడమలు కాస్త పగిలినవి. ఆయన పళ్ళ డాక్టరు. ఏళ్ళ తరబడి పన్ను అరగదీసే మిషను పెడలు నొక్కీ నొక్కీ ఆ కుడిపాదానికి ఒక అలవాటు పట్టుకుంది, మనసు దేనిమీద నిలిచినా సరే, టీవీలో ఆట అయినా బ్యాంకు కాగితమైనా, బొటనవేలు దానంతటదే కిందికి వంగి, అక్కడ లేని పెడలును నొక్కుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు, చెబితే మానేస్తాడని. ఇప్పుడా వేలు వంగడం లేదు. పేజీ తిప్పిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ పేజీ. ఇప్పుడు ఎక్కడున్నాడో, పెళ్ళి దాటాడా, బావి తవ్వించిన చోటికి వచ్చాడా, ఆ బావి భాగం అంత సాగదీయకుండా ఉండాల్సింది, ఎందుకు తవ్వించిందో ఆ బావిని, నీళ్ళు కూడా పడలేదు చివరికి. తల దురద పెట్టింది. గోక్కోవడానికి లేదు. చెవి వెనక నుంచి చల్లగా ఒక చుక్క మెడ మీదికి జారింది, తువ్వాలు అంచుతో అద్దుకుంది. వేలు వంగలేదు.

ఆయన ఇంతవరకూ ఆమె రాసినదేదీ చదవలేదు. పెళ్ళైన కొత్తలో మొదటి నవల కాగితాల కట్ట చేతిలో పెడితే మూడు పేజీలు చదివి, ఆ కట్టను గుండెల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు. ఆమె రెండ్రోజులు మాట్లాడటం మానేసింది. ఆయన గమనించాడో లేదో తెలియదు, ఎందుకంటే ఆయన కూడా మాట్లాడలేదు, కాకపోతే అది ఆయనకు మామూలే. చివరికి చేతులు కడుక్కుంటూ, అద్దంలో ఆమె ముఖం చూసి, "నేను చదివితే నువ్వు నాకోసం రాయడం మొదలుపెడతావు, వద్దులే" అన్నాడు. అది ప్రేమో బద్ధకమో తేల్చుకోవడానికి ఆమె పెద్దగా ప్రయత్నించలేదు. ప్రేమ కిందే జమకట్టుకుంది. ఆయన మాటలు అరుదుగా దొరికేవి కాబట్టి దొరికినవాటిని దాచుకుని, మిగతా ఖాళీలన్నీ తనే పూరించుకోవడం ఆమెకు అలవాటైంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి ఇంటికొచ్చి తన నోరు తెరవడని అక్క ఎప్పుడూ వేళాకోళం చేస్తుంది. వింతేమిటంటే క్లినిక్కులో ఆయన వసపిట్టట. అక్కడ పనిచేసే నర్సు ఒకసారి ఇంటికొచ్చినప్పుడు చెప్పింది, "అబ్బో, సారు మాటలకి నవ్వలేక చస్తారండీ పేషెంట్లు, నోట్లో దూది ఉంటుందిగా" అని. ఆమె నమ్మలేదు. వేరే డాక్టరు గురించి చెబుతోందేమోనని రెండుసార్లు అడిగింది కూడా.

ఇప్పుడీ చదవడమంతా కిందటి ఆదివారం పేపర్లో వచ్చిన సమీక్ష వల్ల. రాసినాయన్ని సాహిత్యం వాళ్ళంతా రంపం అంటారు, ఎదురుగా కాదు. పొడుగ్గా, సన్నగా, ఒక వరుసలో కత్తిరించినట్టుండే వాక్యాలు ఆయనవి. ఆయన చేతిలో పడ్డ పుస్తకం రెండు ముక్కలై, ముక్క ముక్కకీ నునుపు తేలి బయటికొస్తుంది. ఆమె ఐదో నవల మీద ఆయన రాసింది అర పేజీ. ఈ నవలలో ఆడవాళ్ళు ఆలోచిస్తారు, మగవాళ్ళు భోజనం చేస్తారు, అని మొదటి వాక్యం. భర్త పాత్ర గోడకు కొట్టిన మేకు లాంటిది, కథను తగిలించుకోవడానికి తప్ప మరెందుకూ ఉపయోగపడదు, ఇంత లావు పుస్తకంలో ఇతను మాట్లాడిన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తాయి, అని రెండోది, మూడోది. అక్కడిదాకా ఆమె తట్టుకుంది. మేకు అన్నమాటకు నవ్వొచ్చింది కూడా. ఆ తర్వాత ఆసుపత్రి ఘట్టం ఎత్తుకున్నాడు. భార్యను ఆపరేషనుకు తీసుకుపోతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి, చివర్లో ఒక్క మాట, 'వెళ్ళిరా' అని మాత్రమే అనే ఈ మనిషికి అసలు మనసే లేదా, లేక ఆ మనసులోకి వెళ్ళి చూసే ఓపిక రచయిత్రికి లేదా? అదీ ప్రశ్న. ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా, పుస్తకం ధర రాసి ముగించాడు.

పబ్లిషరు ఫోను చేసి, తిట్టడం మంచిదేనండీ, పొగిడితే ఎవరు కొంటారు, ఫొటో మరీ చిన్నది వేశారు, అదొక్కటే నా బాధ అన్నాడు. డిటెక్టివ్ నవలలు రాసే మిత్రుడొకాయన ఉన్నాడు, పొద్దున నడకలో కనిపిస్తుంటాడు, ఆయనది మరో పద్ధతి. తనను తిట్టిన ప్రతివాణ్ణీ తర్వాతి పుస్తకంలో శవాన్ని చేస్తాడు. "ఒకాయన్ని లిఫ్టులో చంపానమ్మా, ఇంకొకాయన్ని ఐసు ఫ్యాక్టరీలో. ఇప్పుడు ఎదురైతే నవ్వుతూ పలకరిస్తాను, నా మనసులో ఏం లేదు" అని ఎంతో నిమ్మళంగా చెప్పాడు. ఆమె నవలల్లో చావులు తక్కువ. చచ్చినా మంచివాళ్ళే చస్తారు, ఆ అవకాశం ఆమెకు లేదు. అక్క అయితే ఏకంగా రంపం ఇంటి అడ్రసు కనుక్కుంది. అడ్రసుతో ఏం చేస్తావే అంటే, ఊరికే ఉండనీ, ఉంటే ధైర్యంగా ఉంటుంది అంది. చాలాకాలంగా సమీక్షలు ముందు అక్కే చదువుతుంది, చదివి ఫోను చేసి, చదవచ్చు, లేకపోతే చదవకు, లేకపోతే కూర్చుని చదువు అని చెబుతుంది. ఈసారి, "బుల్లీ, ఇంట్లో మీ ఆయన ఉన్నాడా, ఉంటే అప్పుడు చదువు" అంది. అక్క తిట్లలో ఉన్న వాడి రంపంలో లేదు, ఆ భాష అచ్చులో వేస్తే సాహిత్యానికి ఎంతో మేలు జరిగేది.

మొదటిసారి ఇలా లేదు. మొదటి నవల మీద ఒక వారపత్రికలో రెండే వాక్యాలు వచ్చాయి, కాగితం ఇంత ప్రియమైన రోజుల్లో ఈ సాహసం దేనికో అని. అప్పుడు పెద్దది కడుపులో. బాత్రూములో కుళాయి ఫుల్లుగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. కాసేపటికి తలుపు మీద అత్తగారి వేళ్ళ చప్పుడు, నీళ్ళు పోతున్నాయమ్మాయ్ అని. తలుపు తీస్తే ఆవిడ కోడలి ముఖం చూసి, ఏమైందని అడక్కుండా, లోపలికొచ్చి, కుళాయి కట్టేసి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. విషయం విన్నది. చాలాసేపు ఆలోచించింది.

"వాడికి పెళ్ళయిందా?"

"కాలేదేమో అత్తయ్యా, నాకు తెలీదు."

"కాలేదు. అదీ సంగతి," అని లేచి వెళ్ళిపోయింది.

ఎంత తేలికైపోయిందో ఆ రోజు. ఏ ఆధారమూ లేదు, ఆ సమీక్షకుడికి ముగ్గురు పిల్లలని తర్వాత తెలిసింది, అయినా ఆ బాత్రూములో ఆ క్షణంలో అంతకంటే గట్టి సాహిత్య విమర్శ ఎవరూ చేసి ఉండరు. అత్తగారిప్పుడు లేరు. ఉంటే రంపం గురించి ఏమని ఉండేదో. రెండో నవలకి ఆమె రోషపడి పత్రికకు జవాబు రాసింది, వాళ్ళు ఆ జవాబూ వేశారు, దాని కింద ఆయన జవాబూ వేశారు, అది ఆమెదానికి రెట్టింపు పొడవుంది, పైగా బాగుంది. ఆ పొరపాటు మళ్ళీ చేయలేదు. మూడోదానికి వంటిల్లంతా దులిపింది. నాలుగోదాన్ని ఎవరూ తిట్టలేదు, పొగడనూ లేదు, ఆ ఏడాదే అన్నిటికంటే ఎక్కువ బాధపడింది. కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఎదుటి మేడ మీద ఆవిడ దుప్పట్లు ఆరేస్తోంది, టోపీ పెట్టుకున్న ఈమెను చూసి చేయి ఊపింది, ఈమె కూడా ఊపింది. దుప్పట్లు తెల్లగా మెరిసిపోతున్నాయి. ఎండ బాగుంది. ఇంత బాగున్న మధ్యాహ్నం తన గుండె ఎందుకిలా కొట్టుకోవాలి, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లలాగా, ఈ వయసులో, ఇన్నేళ్ళు పక్కనే పడుకుని గురక పెట్టిన మనిషి కోసం.

ఈసారి వారమంతా బాగానే గడిచింది, అదే చిత్రం. ఏడుపు రాలేదు. సోమవారం పదో తరగతికి వర్గ సమీకరణాలు చెబుతూ మామూలుకంటే గట్టిగా చెప్పింది, వెనక బెంచీ పిల్లలు కూడా భయపడి అర్థం చేసుకున్నారు. సాయంత్రం సమీక్షను ముందు పెట్టుకుని ఎర్రపెన్ను తీసింది. పిల్లల పేపర్లు దిద్దినట్టే దిద్దింది. ఒక అచ్చుతప్పు, సున్నా చుట్టింది. ఒక వాక్యంలో కర్తకూ క్రియకూ పొత్తు లేదు, కింద గీత గీసింది. కథలో మామగారిని పినమామగా రాశాడు, పుస్తకం సరిగ్గా చదవలేదన్నమాట, దానికి రెండు మార్కులు కోసింది. మేకు పోలిక బాగుంది, న్యాయంగా ఒక మార్కు వేసింది. అలా కిందికి వస్తూ వస్తూ ఆ ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగకుండా, అలవాటు ప్రకారం, జవాబు సరైనదైతే ఎలా పెడుతుందో అలా, టిక్కు పెట్టేసింది. పెట్టాక చూసుకుంది. ఎర్రగా, పెద్దగా ఉంది టిక్కు. చెరపడానికి అది పెన్సిలు కాదు. ఆ పేపరు మడిచి నిఘంటువు కింద పెట్టింది. మర్నాడు ఆయన క్లినిక్కులో పేషెంట్లు తిరగేసే పేపర్ల కట్టలోంచి అదే పేజీ తెచ్చుకున్నాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన పేపరు బయటికి కనిపిస్తుంటే, ఆయన అలమర దగ్గరికి వెళ్ళి, ఐదు నవలలూ ఒకసారి చూసి, కొత్తదాన్ని తీసుకుని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.  దేనికని ఆమె అడగలేదు. రోజూ భోజనమయ్యాక కొంత చదువుతున్నాడు, క్లినిక్కు అపాయింట్‌మెంటు కార్డు గుర్తుగా పెట్టుకుంటున్నాడు. ఆ కార్డు ఎక్కడికి చేరిందో ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆమె దొంగతనంగా చూస్తోంది. నిన్నటికి పెళ్ళికి కాస్త ఇవతల ఉంది, పెళ్ళి తర్వాత బావి, బావి తర్వాత ఆసుపత్రి. అంటే ఇవాళే. అంటే ఇప్పుడే.

నవలలో ఆమె అన్నీ మార్చింది. ఆ భర్త సర్వేయరు, మీసాలుంటాయి, పొడుగు, మామిడి పండు... కాదు, అది మొదటి రాతలో, తర్వాత కొట్టేసింది, అతనికి ఏ పండూ ఇష్టం లేకుండానే పుస్తకం అచ్చయింది. అన్నీ మార్చింది కానీ ఆ కిటికీని మార్చలేకపోయింది. చిన్నది పుట్టిన మర్నాడు రక్తం ఆగలేదు. ఆసుపత్రి మూడో అంతస్తు, గది గోడలకు సగందాకా లేత ఆకుపచ్చ రంగు, పైన తెలుపు. డాక్టర్లు గుమ్మం బయట గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు, లోపలికొచ్చి, చిన్న ఆపరేషనేనమ్మా అని మరీ చిరునవ్వుతో అన్నారు, ఆ చిరునవ్వుకే ఆమెకు భయమేసింది. పాప ఎక్కడో ఏడుస్తోంది, అక్క ఎత్తుకుంది. మంచం కాళ్ళ వైపు కిటికీ. ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఇటు వీపు పెట్టి, రెండు చేతులూ కిటికీ చట్రం మీద ఆనించి. నీలం చొక్కా, వీపు మధ్యలో చెమట మరక. ఆమె ఆ వీపునే చూస్తూ పడుకుంది. ఎంతసేపు? స్ట్రెచరు ఆలస్యమైంది, చాలాసేపే. ఇటు తిరుగు, ఒక్కసారి తిరుగు, అని మనసులో అనుకుంటూనే ఉంది, తిరగలేదు. స్ట్రెచరు వచ్చి చక్రాలు గడప మీద చప్పుడు చేసినప్పుడు తిరిగాడు, ముఖం పొడిగా ఉంది, దగ్గరికొచ్చి, మణికట్టు పట్టుకుని, "వెళ్ళిరా" అన్నాడు. ఏదో బజారుకు వెళ్ళిరా అన్నట్టు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చింది. తర్వాత అన్నేళ్ళలో ఆ వీపుకు ఆమె ఎన్ని అర్థాలు చెప్పుకుందో. తన కన్నీళ్ళు నేను చూడకూడదని అనుకుంది. దేవుణ్ణి నమ్మని మనిషి అప్పుడు మొక్కుకుంటున్నాడని అనుకుంది. ఆ వీపు ఒక కొండ, ఆ కొండ అవతల వాన, అని రాసుకుంది కూడా, అది బాగుందనిపించి నవలలో అలాగే పెట్టింది. అంతగా ప్రేమించి రాసిన చోటునే రంపం వేలుపెట్టి, ఇక్కడ మనిషి లేడు అన్నాడు.

లేడా? ఆమెకు కనిపించాడు కదా. ఆ వీపు ఆమెకు ఎన్ని మాటలు చెప్పింది. కానీ పుస్తకం కొనుక్కున్నవాడికి ఆ వీపుతో కాపురం చేసిన అనుభవం లేదు కదా, వాడికి కనిపించేది నీలం చొక్కా, చెమట మరక, అంతే. లెక్క మొత్తం మనసులో చేసుకుని జవాబు మాత్రం రాసే పిల్లలుంటారు, స్టెప్పులేవే అని తను అరుస్తుంది, స్టెప్పులు లేకపోతే ఎక్కడ చూసి రాశావో నాకేం తెలుసు, సగం మార్కులే అంటుంది. సగం మార్కులు. రంపం అంతకంటే ఎక్కువే వేసినట్టున్నాడు, ఒకటికి రెండుసార్లు చదివితే. ఆ లెక్కన రంపంతో తగువు తీరిపోయింది. ఇక మిగిలింది ఆయన ఒక్కడే. తన గురించి తనకు చెప్పకుండా ఇలా అచ్చేసినందుకు ఏమంటాడో. కోపం వస్తుందా? ఆయనకు కోపం వస్తే ఎలా ఉంటుందో కూడా ఆమెకు సరిగ్గా తెలియదు, అరవడు, తలుపులు వేయడు, గోళ్ళు కత్తిరించుకుంటాడు. అలా తనను మేకని ఊరంతా అనుకుంటుంటే ఆయనకు నొప్పి పుట్టిందా? అందుకేనా పుస్తకం తీసింది, తన గురించి ఏం రాశారో చూసుకోవడానికి? ఆమె స్టూలు కాస్త పక్కకు జరిపి చూసింది. కుడిపాదం బొటనవేలు వంగింది. నొక్కింది. వదల్లేదు. పేజీ తిప్పిన చప్పుడు లేదు. ఎదుటి మేడ మీద దుప్పటి ఎగిరి పడింది. వేలు ఇంకా నొక్కే ఉంది, ఇంత గట్టిగా ఏ పన్నును అరగదీసినా ఈపాటికి ఆ పన్ను ఉండేది కాదు. అప్పుడు ఆయన నవ్వాడు. చిన్నగా, ముక్కుతో. ఆసుపత్రి ఘట్టంలో నవ్వొచ్చే వాక్యం ఒక్కటి కూడా లేదు. ఒక్కటి కూడా లేదని ప్రమాణం చేసి చెప్పగలదు. మరి దేనికి నవ్వినట్టు? ఆ తర్వాత పేజీలు వరసగా, తొందరగా కదిలాయి, చివరికి పుస్తకం మూసిన చప్పుడు, పాదాలు పీట మీది నుంచి దిగి మాయమవడం, చెప్పులు వెతుక్కోవడం.

ఆయన బాల్కనీ గుమ్మంలోకి వచ్చి, ఆమె టోపీ వైపు చూసి, "టైమైపోయింది, రా" అన్నాడు. రంగు కడగడంలో వెనక భాగం ఎప్పుడూ ఆయనదే, ఆమె చేతికి అందదు, అందినా సరిగ్గా పోదు. ఆమె లేచి వెనకే నడిచింది. హాల్లో పుస్తకం కుర్చీలో బోర్లా పడి ఉంది, కార్డు అందులో లేదు. బాత్రూములో సింకు ముందు వంగి, తువ్వాలు మెడ చుట్టూ దోపుకుని, కళ్ళు మూసుకుంది. ఆయన గోరువెచ్చటి నీళ్ళు తిప్పి, మొదట తన మణికట్టు మీద పోసుకుని చూసి, మగ్గుతో పోయడం మొదలుపెట్టాడు. వేళ్ళు మెత్తగా, లెక్కగా తల వెనక భాగమంతా తిరిగాయి. నల్లటి నీళ్ళు ముక్కు పక్కనుంచి కారి సింకులో పడుతున్నాయి.

"ఆ రాసినాయన," అన్నాడు ఆయన పైనుంచి, "పినమామ అన్నాడు గానీ, ఆయన మామగారే కదా. సరిగ్గా చదవలేదు."

"అదే నేనూ..."

"మాట్లాడకు, నోట్లోకి పోతుంది. బావి నాకు నచ్చింది. నీళ్ళు పడకపోవడం ఇంకా నచ్చింది. మీ అక్కని మేనత్తని చేశావు, ఆవిడకి తెలిస్తే నీ పని అయిపోతుంది. కళ్ళు మూసుకో." నీళ్ళు. "భర్త సంగతి మాత్రం ఆయన చెప్పింది కరెక్టే. మంచివాడే పాపం. కానీ పుస్తకం మొత్తం చదివినా నాకెక్కడా తగల్లేదు. ఏమిష్టమో తెలీదు, దేనికి భయమో తెలీదు. నా క్లినిక్కుకి వస్తే ఏం మాట్లాడాలో కూడా తోచదు నాకు."

ఆమె వంగిన తలతో, మూసిన కళ్ళతో, ఆ గొంతును వింటోంది. ఇంత పొడుగ్గా, ఆగకుండా, ఒక మాట వెనక ఒక మాట. ఇదా ఆ నర్సు చెప్పిన గొంతు? బాధ కలుగుతుందేమోనని ఒక క్షణం చూసుకుంది. కలగలేదు. ఇంకా చెబితే బాగుండునని ఉంది.

"ఆ కిటికీ దగ్గర," అని ఆయన చెవి వెనక ఉన్న రంగును వేలి చివరతో రుద్దుతూ, "కొండ అనీ వాన అనీ ఏదో రాశావు. బాగానే ఉంది గానీ, నాకు నవ్వొచ్చింది. అక్కడ కొండా లేదు, వానా లేదు. నేను కారు చూస్తున్నాను."

"కారా?"

"మాట్లాడకన్నానా. కింద ఒకాయన తెల్లకారు పెట్టుకుంటున్నాడు. రెండు కార్ల మధ్య కాస్త సందుంది. వెనక్కి వస్తాడు, చాలదు. ముందుకెళ్తాడు, మళ్ళీ వస్తాడు, వంకరగా వస్తుంది. నాకెందుకు తోచిందో తెలీదు, ఈయన కారు పట్టిస్తే నీకేం కాదు, అని అనేసుకున్నాను. డాక్టర్ని అయ్యుండి. అనుకున్నాక ఇంక కళ్ళు తిప్పుకోలేను కదా, తిప్పితే ఏమవుతుందో. నువ్వు వెనక నుంచి చూస్తున్నావని తెలుసు. ఇటు తిరిగితే ఆయన ఎటు తిప్పుతాడోనని. నేనే దిగి వెళ్ళి పెట్టేద్దామనుకున్నాను ఒకసారి."

నీళ్ళు ఆగాయి. ఆమె సింకు అంచులు పట్టుకుని, అంది, "ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పొచ్చు కదండీ."

"నువ్వక్కడ అలా పడుంటే, వచ్చి పార్కింగు గురించి చెప్పమంటావా? తర్వాతేమో నువ్వు అడగలేదు. నీకు తెలుసేమో అనుకున్నాను, అన్నీ నీకు తెలిసినట్టే ఉంటావు."

ఎక్కడో బయట దుప్పటి దులిపిన చప్పుడు. ఆమె ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గింది, ఆయన వీపు మీద రెండుసార్లు తట్టాడు. ఇన్నేళ్ళుగా తను మోసుకు తిరిగిన ఆ నీలం చొక్కా లోపల ఒక మనిషి మునివేళ్ళ మీద నిలబడి, ఊపిరి బిగబట్టి, ముక్కూ మొహం తెలియని వాడెవడినో, ఇంకాస్త కుడికి తిప్పవయ్యా అని బతిమాలుకుంటూ ఉన్నాడు. దాన్ని తను ఊహించలేకపోయేది. ఎంత ఓపిక ఉన్నా ఊహించలేకపోయేది. అడగాలంతే.

"పట్టిందా మరి?" అని అడిగింది, కళ్ళు తెరవకుండానే.

"పట్టలేదు. విసుగొచ్చి వెళ్ళిపోయాడు. నేను కిటికీ వదల్లేదు. అంతలో ఒకావిడ ఎర్రకారులో వచ్చింది, ఇంతంత పొట్టి, స్టీరింగు పైనుంచి రోడ్డు సరిగ్గా కనిపించనైనా కనిపిస్తుందో లేదో. ఒక్క తిప్పు తిప్పి పెట్టేసింది. దిగి, తాళం వేసుకుని, సంచి భుజాన వేసుకుని చకచకా వెళ్ళిపోయింది." ఆయన మగ్గు నింపి, ఆమె నుదుటికి అడ్డంగా అరచేయి పెట్టి, నీళ్ళు కళ్ళలోకి పోకుండా ఆఖరుసారి పోశాడు. "అప్పుడే స్ట్రెచరు చప్పుడైంది. నేను ఆవిణ్ణే లెక్కలోకి తీసుకున్నాను. అందుకే వెళ్ళిరా అన్నాను."